పొద్దుటి కంటి పరీక్ష

“రేపట్నించి నీ కూతుర్ని క్లాసులో కూర్చోనివ్వను. అందరికీ కళ్ళకలక అంటించింది,” అంది టీచరమ్మ ఆయాతో, పిల్లలందరూ వింటుండగానే.

కూతురికి నాలుగక్షరాలు వస్తాయన్న ఆశతోనే ఆయా ఈ బడిలో పనికి కుదిరింది. అయిదేళ్ళ ఆ పిల్ల గోడ వార కూర్చుని తల దించేసుకుంది.

ఇంతలో బడి నుంచి కబురందుకున్న కళ్ళ డాక్టరు వచ్చాడు. ఇళ్ళకు పంపేసిన పిల్లల్ని కూడా రప్పించి, టార్చి వేసి అందరినీ చూశాడు. ఒక్కొక్కరిని చూశాక సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే టీచరమ్మకు చాదస్తంగా తోచింది. పచ్చటి పుసి కట్టి రెప్పలు అంటుకుపోయిన వాళ్ళకు చుక్కల మందు రాశాడు. మిగతావాళ్ళకు వారంలో దానంతటదే తగ్గుతుందన్నాడు. తర్వాత హాజరు పట్టీ అడిగి తీసుకున్నాడు.

“ఎనిమిదో నంబరు దాకా ఒక్కరికీ లేదు. తొమ్మిది నుంచి దాదాపు అందరికీ ఉంది. ఈ వరుసలో మీరేమైనా చేయిస్తారామ్మా?”

“రోజూ పొద్దున్నే కళ్ళు చూస్తానండీ,” అంది టీచరమ్మ, కాస్త గర్వంగానే. “ఇదిగో, ఇలా కింది రెప్ప లాగి. ఎర్రగా ఉంటే ఇంటికి పంపేస్తా. ఒక్కరోజు కూడా మానలేదు.”

“మధ్యలో చేతులు కడుక్కుంటారా?”

టీచరమ్మ తన చూపుడు వేలు చూసుకుంది. ఇరవై ఆరు మంది పిల్లలు, ఒకే వేలు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“మరి... గోడ వారనున్న ఆ ఆయా కూతురికి ముందే ఉందేమోనండీ,” అని గొణిగింది.

డాక్టరు ఆయా కూతుర్ని దగ్గరికి పిలిచి మళ్ళీ చూశాడు. “ఈ పాపకి అసలు రాలేదు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.”

డాక్టరు వెళ్ళాక టీచరమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది. సిగ్గుతో చచ్చిపోతూ, చివరికి ఆయా దగ్గరికి వెళ్ళింది.

“తప్పు నాదేనమ్మా. రేపు దాన్ని ముందు వరసలో కూర్చోబెడతా,” అంది. ఇంకేం మాట్లాడాలో తెలియక, “క్లాసులో సగం మందికి పైగా వచ్చింది, దానికెలా రాలేదు? ఏమైనా మందు వేశావా?” అని అడిగింది.

ఆయా మామూలుగానే చెప్పింది.

“మందేం లేదండీ. మీరు దాన్ని ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు కదండీ.”