జ్వరం తగ్గిన రోజు

“ఈ దామోదరన్ నోరు మంచిది కాదు. గ్రూపులో నుంచి తీసేస్తా!”

అన్నవాడు రఘురామరాజా. రాజపాళయంలో తమ వీధి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్.

ఊరంతా డెంగీ. ఆయన రోజుకు పది ఆరోగ్య వార్తలు పంపుతాడు. ఒక్కటీ పూర్తిగా చదవడు. కానీ ప్రతిదాని కిందా తన పేరు, సెల్ నంబరు మాత్రం మరిచిపోకుండా పెడతాడు. పక్క ఊరు తళవాయిపురంలో ఎవరో చూసి మెచ్చుకుంటే ఆయనకు ఆ రోజు పండగే.

ఆ పొద్దున పంపింది ఇది: ‘బొప్పాయి ఆకు రసం తాగండి. జ్వరం తగ్గితే గండం గడిచినట్టే. ఆస్పత్రి అక్కర లేదు.’

మూలింట్లో కొత్తగా అద్దెకు దిగిన దామోదరన్ వెంటనే కింద రాశాడు: ‘ఇది తప్పు. జ్వరం తగ్గినాక కడుపు నొచ్చినా, కాళ్ళు చల్లబడినా ఆస్పత్రికి పరుగెత్తండి.’

వారంలో ఇది ఐదోసారి. గ్రూపు భగ్గుమంది.

‘అపశకునం మాటలు!’

‘వీడేమన్నా డాక్టరా?’

‘ఆస్పత్రి వాళ్ళ కమిషన్ తింటున్నాడు!’

రఘురామరాజా నేరుగా అతని గుమ్మం ముందుకే వెళ్ళాడు.

“ఏమయ్యా, సేత్తూరు నుంచి నిన్న వచ్చినావు. మాకు బుద్ధి చెప్తావా?”

“బుద్ధి కాదన్నా. పిల్లలుండే వీధి. అందుకే రాసినాను.”

“నలుగురికీ మంచి జరగాలనే కదా నేను పంపేది?”

“మంచికే పంపినారు. అది నాకు తెలుసన్నా.”

ఆ మెత్తని మాటకు ఆయనకు ఒళ్ళు ఇంకా మండింది. గ్రూపులో నుంచి తీసేయడమే కాదు, ఇంటి ఓనరు అఖిలాండాన్ని సతాయించి ఇల్లు కూడా ఖాళీ చేయించాడు.

పది రోజులకు ఆయన కూతురు దర్శినికే జ్వరం వచ్చింది. నాలుగో రోజు తగ్గింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

“నాయనా, కడుపు నొస్తా ఉంది.”

పాదాలు తాకి చూశాడు. కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి.

దామోదరన్ మాట గుర్తొచ్చింది. బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాడు.

“ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది,” అంది డాక్టరమ్మ.

బిడ్డ గట్టెక్కాక రఘురామరాజా సిగ్గు విడిచి అఖిలాండం దగ్గరికి వెళ్ళాడు.

“అక్కా, ఆ దామోదరన్ ఎక్కడికి పోయినాడు?”

“నాకేం తెలుసు? తరిమింది మీరే కదా!” ఆమె కోపం దాచుకోలేదు. “ఉండింది ఒక్క కూతురు. పోయిన ఏడు ఈ జ్వరానికే పోయిందంట. ఆ ఇంట్లో ఉండలేక ఇక్కడికి వచ్చినాడు, పాపం.”

రఘురామరాజా వీధిలోకి వచ్చి ఫోను తీశాడు. క్షమించమని రాయడానికి దామోదరన్ నంబరు తెరిచాడు.

అక్కడ ఏడాది కిందటి పాత మెసేజ్ ఒకటి ఉంది.

‘అన్నా, మీ వార్త కింద నంబరు చూసి అడుగుతున్నాను. పాపకు ఆకు రసం ఇచ్చినాము. జ్వరం తగ్గింది. కడుపు నొస్తా ఉంది అంటుంది. ఆస్పత్రికి పోవాలా?’

దాని కింద రఘురామరాజా ఆనాడు పంపిన జవాబు ఉంది: ‘అక్కర లేదు తమ్ముడూ. ఈ వార్త నలుగురికీ పంపండి.’