గీతలు లేని పలకలు

"ఇంక గీయను. ఆ పలకల్ని ఏం చేసుకుంటావో చేసుకో నాయనా!"

చేతిలోని ఉలిని మూలకు గిరాటేసి, గిద్దలూరు బస్సెక్కింది ఇందు. అక్కడెవరో ఇల్లు కట్టుకుంటున్నారు. వాళ్లకు ప్లాను గీసివ్వాలి.

తండ్రి కోటేశ్వర్లుకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట కోసమే కదా ఏడాదిగా పోరు పెడుతున్నాడు!

మరి కడుపు మండదూ? పిల్లను బిల్డింగులు కట్టే చదువు చదివించాడు. బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చింది. ఆ మహాతల్లి దాన్ని కాస్తా వదిలేసి, బొమ్మలు చెక్కుకుంటానంటూ మార్కాపురం వచ్చి కూర్చుంది. తండ్రి పలకల ఫ్యాక్టరీలో మేలైన రాయి ఏరుకోవడం, దాన్ని ఉలితో గీకడం. ఆ బొమ్మలైనా దేవుళ్లా, నెమళ్లా? సగానికి కోసిన ఇళ్లు! ముందు గోడ ఉండదు. వంట చేసే ఆడమనిషి, అటక మీద మూటలు, దొడ్లో గొర్రెలు, అన్నీ బయటికే కనపడతాయి.

"కూలిన కొంపల్ని ఎవరు కొంటారే?" అంటే ఇంకో పలక ముందేసుకుంటుంది.

ఈ మధ్య ఆ బెంగళూరు ఆఫీసు పెద్దాయన ఒకటే ఫోన్లు. మళ్లీ ఉద్యోగానికి పిలుస్తున్నాడని కోటేశ్వర్లు ఆనందం. ఇందు ఎత్తదు. ఎత్తితే ఆయన మాట కాదనలేనని ఆమె భయం.

ఆమె అటు వెళ్లిందో లేదో, ఇటు ఓ పెద్దమనిషి లోపలికొచ్చాడు. నలిగిన చొక్కా, దుమ్ము కొట్టుకున్న చెప్పులు.

"హైదరాబాదులో ఒక హాలు కడుతున్నాం. గోడకు పలకలు కావాలండీ."

కోటేశ్వర్లు కుర్చీ తుడిచి వేశాడు. టైల్స్ వచ్చి పలకల నోట్లో మట్టి కొట్టాక అంత పెద్ద బేరం తగలడం ఇదే.

"కూర్చోండి సార్! టీ తాగుదురు."

పెద్దమనిషి కూర్చోలేదు. షెడ్డంతా తిరిగి, వెనక గోడకు ఆనించిన ఇందు పలకల ముందు ఆగాడు. కళ్లజోడు పెట్టుకుని వంగాడు. ఒక్కో గీతను వేలితో తడుముతూ ఉండిపోయాడు.

"గీసిన మనిషి లేదా?"

"మా పిల్ల సార్. గిద్దలూరు పోయినాది. అవేం పట్టించుకోవద్దు మీరు. బంగారం లాంటి ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చినాది. ఆ బెంగళూరు సారు దేవుడు, ఇప్పటికీ పిలుస్తానే ఉన్నాడు. ఈమె ఫోనన్నా ఎత్తదు."

"ఎత్తదా?" పెద్దమనిషి నవ్వాడు.

"పొగరు సార్."

"సరే, ఇవి పక్కన పెట్టించండి. ఇవే తీసుకుంటాను. త్రిపురాంతకం వెళ్లి సాయంత్రం వస్తా."

ఆయన అటు వెళ్లగానే కోటేశ్వర్లు ఆలోచనలో పడ్డాడు. పలకల వ్యాపారంలో తల పండిన మనిషి. కొనేవాడి వేలు గీత మీద ఆగిందంటే ధర తెగ్గోయడానికే అని అతని లెక్క. రాయి మంచిది కాబట్టి నచ్చింది. గీతలుంటే మాత్రం సాయంత్రం పేచీ తప్పదు.

"మాల్యాద్రీ! ఇవన్నీ పాలిష్ మిషనెక్కించు. ఒక్క గీత కనపడగూడదు."

పనివాడు మాల్యాద్రి జంకాడు. "చిన్నమ్మ ఊరుకుంటాదా శెట్టిగారూ?"

"ఏం చేసుకుంటావో చేసుకోమని ఆమే చెప్పినాది గదరా!"

మిషన్ తిరిగింది. నల్లటి బురదనీళ్లు కాలవలోకి పోయాయి. ఇందు ఏడాది కష్టం పొద్దు వాలకముందే నున్నగా అయిపోయింది.

పెద్దమనిషి తిరిగొచ్చాడు.

"చూడండి సార్, అద్దాల మాదిరి చేయించినా!"

ఆయన ఒక పలకను అరచేత్తో నిమిరాడు. దాని పక్కదాన్ని నిమిరాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఇళ్లేవండీ?"

"ఏ ఇళ్లు సార్?"

"వీటి మీదున్న ఇళ్లు."

"మీరు ఆ గీతల్నే చూస్తావుంటే... బాగలేవేమోనని తీయించేసినా సార్."

"అయ్యో! మీ అమ్మాయి ఇంటర్నెట్లో పెట్టిన ఫొటోల్లో ఆ గీతలు చూసే వచ్చానండీ. రాయి ఎక్కడైనా దొరుకుతుంది."

"మళ్లీ గీస్తాది సార్! నేను గీయిస్తా!"

"వచ్చే నెలకే హాలు తెరవాలి. ఎలా కుదురుతుంది?"

కోప్పడితే బాగుండునని కోటేశ్వర్లుకు అనిపించింది. ఆయన కోప్పడలేదు. బతిమాలగా ఫోన్ నంబరు మాత్రం చెప్పాడు.

"ముందే చెప్పి రావాల్సింది నేను. ఏమీ అనుకోవద్దని అమ్మాయికి చెప్పండి" అని వెళ్లిపోయాడు.

సంధ్యవేళకు ఇందు వచ్చింది. వరసగా నిలబెట్టిన పలకల్ని చూసింది. వాటి ముందు కూర్చుని ఒక్కోదాన్ని తడిమింది.

"కోపంలో అన్నాను గదా నాయనా" అంది.

కోటేశ్వర్లు తట్టుకోలేకపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"పాపిష్టోణ్ణి తల్లీ! ఎవరో మహానుభావుడు, నీ విలువ తెలిసి ఇంత దూరం వచ్చినాడు. నా కళ్లు మూసుకుపోయినాయి. ఆయనకు నువ్వే ఫోన్ చెయ్యి. కాళ్లు పట్టుకుంటానని చెప్పు. ఇంకెప్పుడన్నా ఆ బెంగళూరు ఉద్యోగం మాటెత్తితే నన్ను చెప్పుతో కొట్టు."

నంబరు తండ్రి చదువుతుంటే ఇందు తన ఫోన్లో నొక్కింది. సగం నొక్కేసరికే తెర మీద పేరు వచ్చింది. ఆమె వేలు ఆగిపోయింది.

"ఏమైంది తల్లీ? ఎవరాయన?"

"మా బెంగళూరు సారు నాయనా, నేను ఫోను ఎత్తడం లేదని ఆయనే వచ్చినాడు."