వియత్నాంల వరినాటు

“ఏడు రోజులు వియత్నాం, వీపు మీద ఒక్క బ్యాగేనే అమ్మా! హోటల్ కన్న రైతుల ఇండ్లల్ల పండుకుంటె చౌక. ఒకపూట వాళ్ల పొలంల నాటు గూడ ఎయ్యొచ్చు,” అని ఉదయ్ ఫోన్ల ఫొటో చూపెట్టిండు.

హసన్‌పర్తి పొలంల నారు ముదురుతాంది. కూలోళ్లు దొరుకక చిలుకమ్మకు వారం నుంచి అదే ఫికరు.

“మంచిదే బిడ్డా. నువ్వు వాళ్లకు నాటేస్తే, బదులుకు వాళ్లెప్పుడొస్తరు మన నాటుకు?”

“వాళ్లెందుకొస్తరే? మనమే పైసలు కట్టి నాటెయ్యాలె. అదొక ఎక్స్‌పీరియన్స్.”

“మొన్న మన మడిల దిగుమంటె నడుంనొప్పి అంటివి గదరా?”

ఉదయ్ ఇంకో ఫొటో జరిపి చూపెట్టిండు.

చిలుకమ్మ ఫోన్ దగ్గరికి పట్టుకొని చూసింది. ఫొటోల ఒక ముసలామె ఒక్కతే బురదల వంగి నాటేస్తాంది.

“పాపం, ఈమె కొడుకు ఏ దేశం తిరగవోయిండో!”