సంతకం గడువు

"ఇంతకీ భర్తగారు రాలేదా?"

నర్సు అలా అడగడం అది మూడోసారి.

"వీలుపడలేదమ్మా," అంది అత్తగారు, మొదటిసారి చెబుతున్నంత నెమ్మదిగా. నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఆమెకింకా తీరలేదు. పక్కన మంచం మీద ఆసుపత్రి గౌనులో కోడలు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

నర్సు ఆ వార్డుకు కొత్త. మాటలకు మాత్రం ఆమెకు కొత్తా పాతా లేదు.

"లిఫ్టుండగా మెట్లెందుకండీ, ఆ మోకాళ్ళతో?"

"మాకు మెట్లే నయం."

నర్సు ఫైలు తిప్పింది. ఒక కాగితం దగ్గర ఆగింది. "ఎంబ్రియో ఒప్పందం కూడా ఇందులోనే ఉందే! సంతకాలు ఇద్దరివీ ఉన్నాయి. కానీ గడువు ఇంకా నలభై రోజులేనండీ."

ఆ నలభై రోజుల సంగతి అత్తాకోడళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో క్యాలెండరు మీద రోజుకొకటి కొట్టేస్తూ వస్తున్నారు. భార్య అండమూ భర్త బీజమూ కలిపి ల్యాబులో తయారుచేసి దాచిన పిండాలే ఈ ఎంబ్రియోలు, మొత్తం మూడు. వాటిలో రెండు గర్భంలో నిలవకుండానే పోయాయి. కారణం పాలిప్ అన్నారు, గర్భాశయం లోపలి పొర మీద చిక్కుడు గింజంత కండ. తీయించారు. అది మళ్ళీ మొలిచింది. ఇక మిగిలింది ఒకే ఒక్క ఎంబ్రియో. దాన్ని వాడడానికి ఇద్దరి సంతకాలూ రెండేళ్ళే చెల్లుతాయని ఆసుపత్రి నియమం.

"దానికింత కంగారెందుకండీ?" అంది నర్సు. "గడువు దాటితే కొత్త కాగితం నింపి, ఆయన చేత ఇంకో సంతకం పెట్టించుకు రండి. పది నిమిషాల పని."

"వాడు మళ్ళీ పెట్టడు," అంది అత్తగారు.

నర్సు గొంతు తగ్గించింది. "మనసు మారిందా?"

"ఇంకేం అడక్కు తల్లీ."

నర్సుకు విషయం అర్థమైపోయింది. ఇలాంటి మగవాళ్ళను ఆమె బోలెడంత మందిని చూసింది. కోడలి చేతికి పట్టీ కడుతూ, "మీరు అదృష్టవంతులండీ," అంది. "కొడుకు కాదన్నా కోడలి వెంట వచ్చే అత్తగారు ఎంతమందికి దొరుకుతారు?"

కోడలు తల దించుకుంది. నర్సు అటు వెళ్ళగానే అత్తగారి కొంగు పట్టుకుంది.

"అత్తయ్యా, ఇది కూడా నా వల్లే పోతే?"

"నీ వల్లేమిటే పిచ్చిదానా! ఆ కండనేమన్నా విత్తనం వేసి, నీళ్ళు పోసి పెంచావా?"

కోడలికి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. అత్తగారికీ భయంగానే ఉంది. కానీ ఇద్దరూ ఒకేసారి భయపడితే ఇక పట్టుకునేవాళ్ళెవరని ఆమె తన వంతు వాయిదా వేసుకుంది.

డాక్టరమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఆయన రాసిచ్చిందంతా మళ్ళీ చదివాను. గడువు లోపలైతే నాకే అభ్యంతరమూ లేదు. దాటితే మాత్రం నా చేతుల్లో ఉండదు."

"ఈసారికి అవుతుందా డాక్టరుగారూ?" అని కోడలు అడిగింది.

"స్కానింగులో ఒకటే కనబడింది. ఒకటే అయితే ఇరవై నిమిషాల పని, వచ్చే నెలలోనే ఎంబ్రియో పెట్టేయొచ్చు. ఎక్కువుండి పొర దెబ్బతింటే మూడు నెలలు ఆగాలి."

మూడు నెలలంటే తొంభై రోజులు. చేతిలో ఉన్నవి నలభై.

కోడలిని లోపలికి తీసుకెళ్ళాక ఆపరేషను గది తలుపు మూసుకుంది. అత్తగారు బయట బల్ల మీద కూర్చుని గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయింది. ఇరవై నిమిషాలు దాటాయి. ముప్పై అయ్యాయి. ఒక ఆయా గబగబా లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. నలభై అయ్యేసరికి అత్తగారు ఫైలు తెరిచి, కొడుకు సంతకం మీద వేలు పెట్టింది. వంకర సంతకం, చివర ఒక చుక్క. బళ్ళో ఉన్నప్పటి నుంచీ అంతే.

"కొడుకు మీద కోపంగా ఉందా?" అంటూ నర్సు వచ్చి పక్కన కూర్చుంది.

"ఉంది. తొందరగా వస్తానని చెప్పి రాలేదు."

"మా ఆయనా అంతే లెండి. మీ అబ్బాయి ఏం చేస్తారు?"

"లిఫ్టు మెకానిక్కు."

నర్సు పకపకా నవ్వింది. "బాగుందండీ వరస! ఊరందరి లిఫ్టులూ ఆయన బాగుచేయాలి, కన్నతల్లి మెట్లెక్కాలి!"

అత్తగారు ఫైలు మూసేసింది.

యాభై ఐదో నిమిషంలో తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది. "మొదటిదాని వెనక ఇంకోటి దాక్కుందమ్మా. అందుకే ఆలస్యం. రెండూ మొదలంటా తీశాం."

"మరి పొర?"

"శుభ్రంగా ఉంది. ఎక్కడా దెబ్బ తగల్లేదు. గడువుకు వారం ముందే పెట్టేద్దాం."

అత్తగారు బల్ల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు కలిగి చాలా కాలమైంది.

నర్సుకు కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెంటనే ఒళ్ళు మండుకొచ్చింది. జేబులోంచి ఫోను తీసింది.

"ఆ మహానుభావుడి నంబరు చెప్పండి. నాలుగు మాటలు నేనే అంటాను. పెళ్ళాం ఇంత కష్టపడుతుంటే ఒక్క పూట వచ్చి కూర్చోలేడా? ఎప్పుడో సంతకం పడేస్తే సరిపోయిందా?"

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. నర్సు చేతిలోని ఫోనును మెల్లగా కిందికి దించింది.

"వాడు చనిపోయి పద్నాలుగు నెలలైందమ్మా."