తడి ఆరని కుండీలు

కుండీలో గుచ్చిన వేలు గోరు మునిగేదాకా బురదలోకి దిగింది. చెల్లెలు ఆ వేలిని వెలుతురులోకి తెచ్చి చూసుకుంది. వారం రోజులుగా ఆ కుండీకి ఆమె చుక్క నీరు పోయలేదు. కుండీని కదిలించగానే నువ్వుగింజంత నల్లటి ఈగలు గుప్పున లేచాయి. ముఖం చుట్టూ ముసిరి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మట్టి మీద వాలాయి.

ఇల్లు అక్కది. అక్క ఆసుపత్రిలో ఉంది. స్నానాలగదిలో జారిపడి తలకు దెబ్బ తగిలిన నాటినుంచి కళ్ళు తెరవలేదు. ఊపిరి తనంతట తను తీసుకుంటోంది, అంతే. చేయగలిగింది చేశాం, ఇక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండని డాక్టరు చెప్పేశాడు. చెల్లెలు కట్టుడు పళ్ళసెట్లు తయారుచేసే చోట పనిచేస్తుంది. ఆ పని మానకుండానే ఇక్కడికి వచ్చి ఉంటూ, అక్క కోసం ముందుగది సర్దుతోంది. నర్సు ఒకటే మాట చెప్పి పంపింది.

"గదిలో ఈగన్నది ఉండకూడదమ్మా. ముక్కు మీద వాలినా తోలుకోలేని మనిషి."

మొక్కలన్నీ బయట పారేస్తే ఒక్క పూటలో తీరిపోయే పని. కానీ అవి బావ పెంచినవి. బావ పోయాక అక్క వాటిని కంటికి రెప్పలా కాచుకుంటూ వచ్చింది. రేపు కళ్ళు తెరిచి, మొక్కలేవే అనడిగితే ఏం చెప్పాలి? కళ్ళు తెరవడం కల్ల అని డాక్టరు తేల్చేసినా, ఆ భయం మాత్రం చెల్లెల్ని వదల్లేదు.

మొక్కలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగింది. ఎగిరేవాటిని కొట్టి లాభం లేదు, వాటి పిల్లలు తడిమట్టిలో పెరుగుతాయి, పైమట్టి బాగా ఎండితే సంతతి దానంతటదే నశిస్తుంది అందావిడ. జిగురు పూసిన పసుపు అట్టలిచ్చి కుండీల్లో గుచ్చమంది. మట్టి మీద ఇసుక పరవమంది. చెల్లెలు చెప్పింది చెప్పినట్టు చేసింది. అట్టలు నల్లగా నిండిపోయాయి. మట్టి మాత్రం ఆరలేదు. పొద్దున పొడిగా ఉన్న ఇసుక, ఆమె పనినుంచి వచ్చేసరికి తడిసి ఉండేది.

ఎదురింటావిడ దగ్గర ఈ ఇంటి తాళంచెవి ఒకటి ఉంది. పాపం జాలిపడి పోస్తోందేమోనని వెళ్ళి అడిగింది.

"లోపల నీళ్ళ చప్పుడు నాకూ వినిపించింది. నువ్వే ఉన్నావనుకున్నాను."

"పగలంతా నేను పనిలోనే ఉంటాను కదండీ."

ఆవిడ తాళంచెవి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టి, గుమ్మంలోంచి వెనక్కి జరిగింది.

చెల్లెలు తాళం మార్పించింది. నీళ్ళు పోసే చెంబును బీరువాలో పెట్టి దానికీ తాళం వేసింది. సాయంత్రం వచ్చి చూస్తే వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయి. ఇసుక మీద మాత్రం కుండీ అంచు వెంట గుండ్రంగా గాడి పడి ఉంది, సన్నటి ధారను నింపాదిగా చుట్టూ తిప్పినట్టు. బావ అలాగే పోసేవాడు. మొక్క మొదట్లో పోస్తే వేళ్ళు కుళ్ళుతాయని, గాజు తొడిగినట్టు చుట్టూ పోయాలని అక్కకు పాఠం చెబుతుంటే, తను ఎన్నిసార్లు పక్కన కూచుని నవ్విందో.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది కానీ ఈ సంగతి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. విప్పితే తననూ పక్కమంచం మీద పడుకోబెడతారు. అక్క అరచేతులు ఎప్పుడు చూసినా చెమ్మగానే ఉంటున్నాయంటూ నర్సు తుడిచి, దుప్పటి కప్పింది.

మర్నాడు పనికి బయల్దేరి, గడప దాటిన మనిషి వెనక్కి వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఎటు చూసి మాట్లాడాలో తెలియక, బావ కూచునే కుర్చీ ముందు నిలబడింది. దెయ్యాల మాటెత్తితే పకపకా నవ్వే మనిషి, పెద్దవాళ్ళ ఎదుట నిలబడ్డట్టు చేతులు కట్టుకుంది.

"బావా, ఈ మొక్కలంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు. కానీ అక్కను ఇంటికి తెస్తున్నాను. నోట్లోకి ఈగ పోతే ఉమ్మెయ్యడం కూడా చేతకాదు. ఇక నీళ్ళు పోయకు. నీకు దణ్ణం పెడతాను."

తన గొంతు తనకే కొత్తగా వినిపించి, గబగబా తలుపేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఇసుక పొడిగా ఉంది. మర్నాడూ అంతే. క్రమంగా మట్టి బీటలు వారింది, ఈగలు పలచబడ్డాయి, చివరికి కొత్తగా గుచ్చిన అట్టలు శుభ్రంగా మిగిలాయి. సంతోషించాల్సిందే. కానీ చెల్లెలికి ఆ ఇంట్లో అడుగు తీసి అడుగు వేయాలంటే భయమేసింది. మాట విన్నాడంటే, విన్నవాడు అక్కడే ఉన్నాడన్నమాట.

అక్కను తెచ్చి ముందుగదిలో మంచం మీద చేర్చిన మనుషులు వెళ్ళిపోయారు. చెల్లెలు తడిగుడ్డతో ఆమె ముఖం తుడుస్తోంది. రెప్పలు అదిరాయి. తన చేతి వణుకేమోననుకుంది. అంతలో అక్క కళ్ళు తెరిచింది. ఆ చూపు కుండీల మీదుగా తిరిగి, తిరిగి, చెల్లెలి ముఖం మీద నిలిచింది.

చెల్లెలు ఏడుస్తూ డాక్టరుకు ఫోన్ చేయబోతే, అక్క వేళ్ళు ఆమె చెయ్యి పట్టుకున్నాయి. పెదవులు కదిలాయి. చెల్లెలు వంగి నోటి దగ్గర చెవి పెట్టింది.

"మీ బావను బతిమాలుతావేంటే, నీళ్ళు పోసింది నేను."