మొసలి నోరు తెరిచింది

శ్రీపతి పాఠం చెబితే చిక్కడపల్లిలో గోడలు కూడా గుణింతాలు అప్పజెప్పేవి.

గోడల మాట కాస్త ఎక్కువే లెండి. నిజానికి ఆయన ఎవరికీ పాఠం చెప్పిందే లేదు. నారాయణగూడలో బట్టల కొట్టు నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆయనకు బాగా చేతనైంది ఒక్కటే, కథలు అల్లడం.

ఆ కథలు లేకపోతే మనవరాలు నవతకు ముద్ద దిగదు. ఐదేళ్ల పిల్ల. హుస్సేన్ సాగర్‌లోని మొసలి ఒకటి లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా నడిచొచ్చి, అశోక్ నగర్‌లో ఫీజు కట్టి, గ్రూప్స్ కోచింగ్‌లో చేరిందట. ముందు బెంచీలోనే కూర్చునేదట. ఆఖరికి పరీక్ష హాల్లోకి వెళ్లిందట...

సరిగ్గా అక్కడ ఆపేశాడు తాత.

"మల్ల ఏమైంది తాతా?"

"ఇగ నేను చెప్ప. పలక మీద రాస్త. నువ్వే చదువుకో."

"నాకు చదువుడు రాదు గదా!"

"రావాలె. నెలాఖరు ఆదివారం లోపట రావాలె."

ఆ రోజు నుంచి ఆయన నవత ఎరిగిన తాత కాదు. వేసవి సెలవుల్లో పిల్లలంతా కింద కేరింతలు కొడుతుంటే, తానొక్కతే వరండాలో పలక పట్టుకుని కూర్చోవాలి. 'మ'కూ 'య'కూ తేడా తెలియక తికమకపడితే తాత బల్ల గుద్దేవాడు. ఓసారి అరచేతి మీద ఒకటి వేశాడు కూడా. తాత చేతి దెబ్బ తెలియడం ఆ పిల్లకు అదే మొదలు.

ఏడుస్తూ వంటింట్లోకి పరుగెత్తింది. "అమ్మా, తాత మంచోడు కాదు. కొట్టిండు!"

అమ్మ తన పక్షాన వస్తుందనుకుంది. ఉదయశ్రీ కూతురి కళ్లు తుడిచి, చెయ్యి పట్టుకుని మళ్లీ వరండాలోకే తెచ్చి కూర్చోబెట్టింది. "చదువు బిడ్డా" అని, మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

పక్క వాటా వేదవతికి ఒళ్లు మండిపోయింది.

"ఏమిటండీ శ్రీపతిగారూ, పసిపిల్లని అలా రాచిరంపాన పెడతారు? అరిచి అరిచి మీ గొంతు ఎలా బొంగురుపోయిందో చూసుకున్నారా? ఇప్పట్నుంచే దాన్ని కలెక్టర్ని చేసేద్దామనా?"

"కలెక్టర్ ఎందుకమ్మా! నేను రాసింది చదివితే చాలు."

"ఇంకో ఏడాదికి అదే చదువుతుంది. ఈలోగా కొంప మునుగుతుందా?"

ఆయన చల్లారిన చాయ్ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గ్లాసు పక్కన పెట్టేశాడు. పలక తుడిచి నవత ముందుకు జరిపాడు.

"మల్ల చదువు."

ఆదివారం సాయంత్రం రానే వచ్చింది. నవత పలక మీద వేలు పెట్టింది.

"మొ... స... లి... నో... రు... తె... రి... చిం... ది."

వేలు కింది వరుసకు దిగింది.

"హా... లు... ఖా... ళీ. మొ... స... లి... పా... సు."

ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పకపకా నవ్వింది. తాత నోరు విప్పకుండానే కథ విని నవ్వడం అదే మొదటిసారి.

శ్రీపతి పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు.

"నిజంగనే మొసలి కోచింగ్‌ల చేరిందా తాతా?"

"చేరుడు నిజమే. ఫీజు కట్టుడొక్కటి నేను కల్పించిన."

ఆ సాయంత్రమంతా ఆయన "నవతా" అని ఊరికే పిలుస్తూనే ఉన్నాడు. "ఏంది తాతా?" అంటే "ఏం లేదు" అనడం, కాసేపటికి మళ్లీ పిలవడం.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో, క్యాన్సర్ తినేస్తున్న ఆయన స్వరపేటికను డాక్టర్లు పూర్తిగా తీసేశారు.