పదికి ఎనిమిది

“ఇరవై ఏళ్లు ఆగినవాడు కాల్చక ముద్దు పెట్టుకుంటాడా డాడీ?” అంది క్యారల్.

అరగంట నుంచీ అదే గొడవ. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలు చేసి, అందరూ కలిసి ఒక సినిమా చూడటం మల్కాజ్‌గిరిలోని యేసురాజు ఇంట్లో అలవాటు. సినిమా అయ్యాక తలా ఒకరు పదికి ఎన్ని మార్కులో చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. కొట్లాటంతా అక్కడే.

ఇవాళ్టి సినిమా ఎరిక్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఎరిక్ క్యారల్‌ని చేసుకోబోయేవాడు. ఆరాధన అయ్యాక పాస్టర్‌గారితో మాట్లాడి వస్తానని ఆగిపోయి, భోజనానికి కాస్త ఆలస్యంగా వచ్చాడు. ఈ కాలంలో అంత భక్తి ఉన్న కుర్రాడు దొరకడం మా అదృష్టం అని క్యారల్ తల్లి కాంతమణి పక్కింటావిడతో అప్పుడే చెప్పేసింది కూడా.

ఇటలీవాళ్లు తీసిన పాత కౌబాయ్ సినిమా అది. తెలుగులో డబ్బింగ్ చేశారు. తన ఇల్లు తగలబెట్టించిన పశువుల ఆసామిని వెతుక్కుంటూ హీరో ఇరవై ఏళ్ల తర్వాత వస్తాడు. ఆ ఆసామి దగ్గరే గుర్రాలను మచ్చిక చేసే పనిలో చేరతాడు. ఆరు నెలలు వాళ్ల బల్ల దగ్గరే తింటాడు. ఆఖర్న, కాలిన ఇంట్లో దొరికిన లాడం ఒకటి చూపించి కాల్చేస్తాడు.

యేసురాజు మూడు మార్కులకు మించి ఇవ్వనన్నాడు.

“ఆరు నెలలు వాడి ఉప్పు తిని వాణ్ణే కాలుస్తాడా? మనిషేనా అసలు?” అంటూ ఎరిక్ ప్లేటులో ఇంకో సమోసా వేశాడు.

జెఫ్రీ అక్క మాట, నాన్న మాట రెండూ వినలేదు. సెల్‌ఫోన్‌లోంచి తలెత్తి, “జెర స్పీడ్ ఉండాలె. కండ్లు చూపించుడు, గడ్డాలు చూపించుడు, సగం సినిమా గదే. ఐదు” అన్నాడు.

కాంతమణికి బాధంతా ఆసామి కూతురి గురించి. “రోజూ వాడికి కాఫీ కలిపిచ్చింది. ఆ పిల్ల ఏం చేసిందమ్మా పాపం?” అంది.

“ఆ పిల్ల ఏడ్చినందుకే ఆసామికి తగిలింది మమ్మీ. లేకపోతే వాడికేం నొప్పి? హీరో చేసింది కరెక్టే. నావి తొమ్మిది” అంది క్యారల్. ఎరిక్ ఆమె వైపు చూసి నవ్వాడు.

యేసురాజు ఒప్పుకోలేదు. నువ్వెవరో నాకు గుర్తులేదు అని ఆసామి నిజమే చెప్పాడుగా అని ఆయన వాదన. ఇరవై ఏళ్ల కిందటిది ఎవరికి గుర్తుంటుంది? గుర్తులేనివాణ్ణి కాలిస్తే ఏం లాభం?

“మీకైతే ఉండదులెండి. రెండు ప్రకటనలు చదివించుకున్న పిల్ల పేరే గుర్తులేదు మీకు” అంది కాంతమణి.

ఆ ఇంట్లో అది పాత జోకు. ఎరిక్‌కి కొత్త కాబట్టి ఆమె మొదటి నుంచీ చెప్పింది. ముప్పై రెండేళ్ల కిందట, భీమవరంలో. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన అని ఇద్దరి పేర్లూ చదువుతారు కదా. యేసురాజు పేరు పక్కన ఎవరో అమ్మాయి పేరు రెండుసార్లు చదివారు. ఇంతలో ఆయనకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది, దాని వెనకే సికింద్రాబాద్ నుంచి కాంతమణి సంబంధం వచ్చింది. మూడోసారి చదవొద్దని పాస్టరుకొక చీటీ, పెళ్లికూతురింటికొక చీటీ పంపి ఆయన రైలెక్కేశాడు. చీటీలో ఒకటే వాక్యం.

జెఫ్రీ లేచి నిలబడి, పాస్టరులా గొంతు సవరించుకుని అది అప్పజెప్పాడు. “ఇది దేవుని చిత్తము కాదని నాకు తెలియవచ్చినది.”

అందరూ నవ్వారు. ఎరిక్ కూడా నవ్వాడు.

“రెండు ప్రకటనలు చదివి ఆగిపోయిన పిల్లని ఆ రోజుల్లో ఎవరు అడుగుతారు, చెప్పు” అంది కాంతమణి.

“ఎవరో ఒకరు చేసుకునే ఉంటారులే” అన్నాడు యేసురాజు, టీ గ్లాసు అందుకుంటూ.

క్యారల్‌కి ఆ బెంగ లేదు. పొద్దున్నే చర్చిలో ఆమెది రెండో ప్రకటన అయింది. కీర్తిశేషులు నరసరాజు, శ్రీమతి విజయమ్మ గార్ల కుమారుడు ఎరిక్ అని పాస్టర్‌గారు చదువుతుంటే ఆమె తల దించుకుంది. యేసురాజు మాత్రం వెనక్కి తిరిగి అందరి వైపూ గర్వంగా చూశాడు. వచ్చే ఆదివారం మూడోది. ఆ గురువారమే పెళ్లి. శుభలేఖలు బోయిన్‌పల్లి దాకా పంచేశారు. విజయమ్మకు మోకాళ్ల నొప్పులట, కాకినాడ నుంచి నేరుగా పెళ్లికే వస్తానంది. ఇంతవరకూ ఎవరూ ఆమెను చూడలేదు.

“నీ మార్కులు చెప్పలేదు” అంది క్యారల్. అందరి మార్కులూ ఫోన్‌లో రాస్తోంది.

“ఎనిమిది.”

“రెండెందుకు కోశావ్?”

“హీరో తొందరపడ్డాడు. కాల్చేశాక ఆసామికి ఇంకేం తెలుస్తుంది? బతికుండాలి. ప్రతి ఆదివారం గుర్తు రావాలి.”

అందరికంటే గట్టిగా యేసురాజే నవ్వాడు. “హీరోని మించినవాడివే. అయితే నువ్వు ఏం చేసేవాడివయ్యా?”

ఎరిక్ ప్లేటు కింద పెట్టాడు. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. నలుగురి వైపూ ఒకసారి చూసి, మెల్లగా చెప్పాడు.

“మూడో ప్రకటన చదవొద్దని పొద్దున పాస్టర్‌గారికి చీటీ ఇచ్చొచ్చాను అంకుల్, అందులో వాక్యం నాది కాదు, మా అమ్మ ముప్పై రెండేళ్లుగా బైబిల్లో దాచుకున్న మీ చీటీ చూసి రాసిందే.”